గార్సియా: లక్షల మందికి ఉండి ఎవరినీ పట్టివ్వని ఇంటిపేరు

గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగు సాహిత్య చర్చల్లో ఆయన దాదాపు ఎప్పుడూ ‘మార్క్వెజ్’గానే వినిపిస్తాడు. స్పెయిన్ కవి ఫెదెరికో గార్సియా లోర్కా కూడా అలాగే ‘లోర్కా’గా స్థిరపడిపోయాడు. నిజానికి స్పానిష్ సంప్రదాయం ప్రకారం ఈ ఇద్దరి ఇంటిపేరూ గార్సియాయే. తండ్రి వైపు నుంచి వచ్చినది అదే. మార్క్వెజ్, లోర్కా అన్నవి వారి తల్లుల పుట్టింటి పేర్లు. లోకం ఈ ఇద్దరినీ తల్లి ఇంటిపేరుతో గుర్తుపెట్టుకున్నదంటే అది తల్లుల మీది గౌరవంతో కాదు; స్పానిష్ మాట్లాడే దేశాల్లో గార్సియా అని మాత్రమే చెబితే ఏ గార్సియా అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది కనుక.

ఆ ప్రశ్న ఎందుకు తప్పదో అంకెలు చెబుతాయి. స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ లెక్కల్లో మొదటి (తండ్రి వైపు) ఇంటిపేరు గార్సియా అయినవారు 14 లక్షలకు పైబడి ఉన్నారు. అంటే దేశ జనాభాలో దాదాపు 3 శాతం. తల్లీ తండ్రీ ఇద్దరూ గార్సియాలే కావడం వల్ల ‘గార్సియా గార్సియా’ అయినవారే 70 వేలకు మించి ఉంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల జనాభా లెక్కల్లో 2000లో ఎనిమిదో స్థానంలో ఉన్న ఈ ఇంటిపేరు, 2010 నాటికి 11,66,120 మందితో స్మిత్, జాన్సన్, విలియమ్స్, బ్రౌన్, జోన్స్‌ల వెనుక ఆరో స్థానానికి ఎక్కింది. మెక్సికోలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ అత్యంత సాధారణమైన ఇంటిపేర్లలో ఇదొకటి. ఇంత మందికి ఉన్న పేరును మోసినవారి చరిత్ర చెప్పాలంటే, ఒక్కో గార్సియా మిగతా గార్సియాల నుంచి తనను వేరుచేసుకోవడానికి, లేదా లోకం వేరుచేయడానికి, పక్కన ఇంకేం చేరవలసి వచ్చిందో చూడాలి. అది కొందరి విషయంలో తండ్రి పేరు, కొందరికి ఊరి పేరు, కొందరికి తల్లి ఇంటిపేరు, మరికొందరికి భర్త ఇంటిపేరు.

స్పానిష్ పద్ధతిలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి. పేరు తర్వాత తండ్రి మొదటి ఇంటిపేరు, దాని తర్వాత తల్లి మొదటి ఇంటిపేరు వస్తాయి. పెళ్లయినంత మాత్రాన స్త్రీ ఇంటిపేరు మారదు. పిల్లలకు రెండు వైపుల నుంచీ చెరొకటి వస్తుంది. తర్వాతి తరంలో మాత్రం తల్లి వైపుది జారిపోతుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఈ ఆచారాన్ని 1870 నాటి పౌర నమోదు చట్టం ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కించింది. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసుకునే తెలుగువారికి ఈ వరుస తిరగేసినట్టు కనిపిస్తుంది. చివర ఉన్నదే అసలు ఇంటిపేరని భావించే ఇంగ్లీషు అలవాటు వల్ల వచ్చిన గందరగోళం అంతకంటే పెద్దది. మార్క్వెజ్ అన్న పిలుపులో దాని పాత్ర కూడా ఉంది. స్పానిష్ గ్రంథాలయాల్లో ఆయన పుస్తకాలు ‘గార్సియా’ కింద ఉంటాయి; ‘మార్క్వెజ్’ కోసం వెతికినవారు ఖాళీ చేతులతో తిరిగి వెళ్లవలసిందే.

ఈ మాట మొదట ఇంటిపేరు కాదు, మనిషి పేరు. తొమ్మిదో శతాబ్దంలో, ఇప్పటి ఉత్తర స్పెయిన్‌లోని పాంప్లోనా కేంద్రంగా ఎదిగిన చిన్న రాజ్యంలో ఇది రాజుల పేరుగా కనిపిస్తుంది. పాత లాటిన్ పత్రాల్లో ‘గార్సెయా’ వంటి రూపాలున్నాయి. దీని మూలం బాస్క్ భాషలో ఉందన్న అభిప్రాయమే బలమైనది. ఎలుగుబంటి అని అర్థమిచ్చే ‘హార్ట్‌స్’ నుంచి వచ్చిందని కొందరు, యువకుడు అని అర్థమిచ్చే ‘గాజ్తె’ నుంచి వచ్చిందని మరికొందరు పండితులు వాదిస్తారు. ఎలుగుబంటి వాదానికి ప్రచారం ఎక్కువ, బహుశా ఆ అర్థం రాజులకు శోభనిస్తుంది కాబట్టి కావచ్చు. ఉచ్చారణలోనూ తేడా ఉంది. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో ‘గార్థీయా’ అంటారు. దక్షిణ స్పెయిన్‌లో చాలాచోట్ల, లాటిన్ అమెరికా అంతటా ‘గార్సీయా’ అంటారు.

పాంప్లోనా రాజ్యాన్ని స్థాపించిన ఈన్యిగో అరిస్తా కొడుకు గార్సియా ఈన్యిగెస్ 851 ప్రాంతంలో గద్దెనెక్కాడు. ఈన్యిగెస్ అంటే ఈన్యిగో కొడుకు. ఈ రాజును వైకింగులు పట్టుకుపోయారని, భారీ మొత్తంలో బంగారం చెల్లించి విడిపించుకోవలసి వచ్చిందని అరబ్బు చరిత్రకారులు రాశారు. ఇక్కడ గార్సియా ఆయన సొంత పేరు. రెండోది తండ్రి పేరు నుంచి పుట్టినది. ఉత్తర స్పెయిన్‌లోని కాస్తీల్ ప్రాంతపు ప్రభువుల వంశంలో ఈ యంత్రాంగం ఎలా నడిచిందో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫెర్నాన్ గొంజాలెస్ కొడుకు గార్సియా ఫెర్నాందెస్, ఆయన కొడుకు సాంచో గార్సియా, ఆయన కొడుకు గార్సియా సాంచెస్. తాత పేరు మనవడికి రావడం, తండ్రి పేరు పక్కన చేరడం వల్ల నాలుగు తరాల్లో రెండో పేరు మూడు సార్లు మారింది. ఈ వరుసలో చివరివాడు యువకుడిగానే 1029లో లెయోన్ నగరంలో హత్యకు గురయ్యాడు. లెయోన్ రాజ్యపు రాకుమారి సాంచాను పెళ్లాడేందుకు వెళ్లినప్పుడు అది జరిగింది.

స్పెయిన్‌లో అత్యధికంగా ఉన్న మొదటి తొమ్మిది ఇంటిపేర్లలో ఎనిమిది ‘ఎస్’ అన్న ప్రత్యయంతో ముగుస్తాయి. రొద్రీగెస్, గొంజాలెస్, ఫెర్నాందెస్, లోపెస్, మార్తీనెస్, సాంచెస్, పెరెస్, గోమెస్ అన్నీ ‘ఫలానావాడి కొడుకు’ అన్న అర్థంలో ఏర్పడినవే. ఆ ప్రత్యయం లేకుండా ఉన్నది అన్నిటికంటే ముందున్న గార్సియా ఒక్కటే. నియమం ప్రకారం గార్సియా కొడుకు గార్సేస్ కావాలి. పదో శతాబ్దపు పాంప్లోనా రాజు సాంచో గార్సేస్ పేరులో అదే ఉంది. కానీ సాంచో గార్సియా విషయంలో చూసినట్టు, తండ్రి పేరును మార్పు లేకుండా వాడడమూ మొదటి నుంచీ ఉంది. కాలక్రమంలో ఈ రెండో పద్ధతే గెలిచింది. గార్సేస్ నేడు అంతగా కనిపించని ఇంటిపేరు.

మధ్యయుగం చివరికి వచ్చేసరికి తరం తరానికీ మారే ఈ పేర్లు గడ్డకట్టి వంశపారంపర్యమైన ఇంటిపేర్లయ్యాయి. ఎక్కడో ఒక గార్సియాకు పుట్టినవాడి మనవళ్లు, మునిమనవళ్లు తండ్రి పేరు ఏదైనా సరే గార్సియాలుగానే మిగిలిపోయారు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే వంశం కాదన్నది ఇక్కడే తేలిపోతుంది. పాంప్లోనా రాజుకూ, ఆయన పొలం దున్నినవాడికీ ఒకే పేరు ఉండవచ్చు. ఇద్దరి సంతానమూ గార్సియాలు కావచ్చు. కొత్తగా బాప్టిజం పుచ్చుకున్న యూదులు, ముస్లింలు సైతం చుట్టూ అందరికీ ఉన్న ఇంటిపేర్లనే స్వీకరించడం మామూలు విషయం. రాజవంశపు గార్సియాల వంశవృక్షంలో తమ మూలాలు చూసుకోవాలనుకునేవారికి ఈ మాట రుచించదు.

మనిషి పేరుగా గార్సియా పదహారో శతాబ్దంలో కూడా బతికే ఉందనడానికి సాక్ష్యం భారతదేశంలోనే ఉంది. పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1534లో గోవా వచ్చి, ఆ తర్వాత జీవితమంతా ఇక్కడే గడిపాడు. ఆయన ఇంటిపేరు ఓర్తా; గార్సియా తల్లిదండ్రులు పెట్టిన పేరు. స్పెయిన్ నుంచి పోర్చుగల్‌కు తరలివెళ్లి మతం మార్చుకోవలసి వచ్చిన యూదు కుటుంబం వారిది. అహ్మద్‌నగర్ పాలకుడు బుర్హాన్ నిజాం షాకు ఆయన వైద్యం చేశాడు. భారతదేశపు మూలికలు, సుగంధ ద్రవ్యాలు, మందుల గురించి సంభాషణల రూపంలో ఆయన రాసిన గ్రంథం 1563లో గోవాలో అచ్చయింది. ప్రాచీన గ్రీకు వైద్యుల మాటకంటే గోవా అంగడిలో కంటితో చూసినదానికీ, స్థానిక వైద్యులు చెప్పినదానికీ విలువిచ్చిన పుస్తకం అది. నాలుగేళ్లకే లాటిన్‌లో సంక్షిప్త రూపంలో వెలువడి యూరప్ అంతటికీ చేరింది. ఆయన 1568లో మరణించాడు. మరుసటి ఏడాది ఆయన చెల్లెలిని గోవా మతవిచారణ న్యాయస్థానం రహస్యంగా యూదు మతం ఆచరించిందన్న నేరం మోపి సజీవదహనం చేయించింది. 1580లో ఓర్తా అస్థికలను సైతం సమాధిలోంచి తవ్వి తీసి కాల్చివేశారు.

అదే కాలంలో మరోచోట ఈ పేరు ఇంకో పేరుతో కలిసిపోయి గుర్తుపట్టలేని రూపం తీసుకుంది. స్పానిష్ పునరుజ్జీవన కవి గార్సిలాసో ద లా వేగా పేరులోని మొదటి భాగం ‘గార్సి’, ‘లాసో’ అన్న రెండు ముక్కల కలయిక. ఆయన బంధువర్గానికి చెందిన ఒక స్పానిష్ సేనానికి, దక్షిణ అమెరికాలోని ‘ఇంకా’ సామ్రాజ్యపు రాజవంశ స్త్రీకి 1539లో పెరూలోని కూస్కోలో పుట్టిన కొడుక్కి మొదట పెట్టిన పేరు గోమెస్ సువారెస్ ద ఫిగెరోవా. అతను స్పెయిన్ చేరిన తర్వాత తండ్రి పేరైన గార్సిలాసోను తనకు తానే పెట్టుకుని, ముందు ‘ఇంకా’ చేర్చుకున్నాడు. 1609లో వెలువడిన ఇంకా రాజుల చరిత్రతో ఇంకా గార్సిలాసోగా నిలిచిపోయాడు. తల్లి జాతినీ తండ్రి పేరునూ ఇలా పక్కపక్కన నిలబెట్టుకోవడం చట్టం అడిగినందుకు చేసిన పని కాదు; ఇద్దరిలో ఎవరినీ వదులుకోలేని ఒక మనిషి తీసుకున్న నిర్ణయం.

సైనికుల విషయంలో ఊరి పేరు ఆదుకుంది. ఇటలీ యుద్ధాల్లో అసాధారణ దేహబలానికి పేరుపడ్డ, స్పెయిన్‌లోని ఎక్స్‌త్రెమదూరా ప్రాంతపు సైనికుడు దియేగో గార్సియా ద పరేదెస్, దక్షిణ అమెరికాలో లా ప్లాతా నది ప్రాంతాన్ని 1520ల్లో శోధించిన నావికుడు దియేగో గార్సియా ద మోగేర్ ఇద్దరూ ఒకే తరం దగ్గరివారు. చివర ఉన్న ఆ స్థలనామాలే లేకపోతే ఇద్దరినీ ఒక్కరనుకునే ప్రమాదం ఉండేది.

ఇక సంగీతంలో గార్సియా అన్న పేరు ఒక కుటుంబం మొత్తానిది. సెవిల్ నగరంలో 1775లో పుట్టిన గాయకుడు మాన్యువెల్ గార్సియా కోసమే ఇటాలియన్ స్వరకర్త రొసీని తన ప్రసిద్ధ హాస్య ఒపేరా (సంగీత నాటకం)లోని అల్మవీవా ప్రభువు పాత్ర రాశాడు. 1816లో రోమ్‌లో జరిగిన తొలి ప్రదర్శనలో ఆ పాత్ర పాడినదీ ఆయనే. 1825 నవంబరులో భార్యాపిల్లలతో కూడిన బృందంతో న్యూయార్క్ వెళ్లి, అక్కడివారికి ఇటాలియన్ ఒపేరాను పూర్తి రూపంలో పరిచయం చేశాడు. అక్కడి నుంచి మెక్సికో వెళ్లి తిరిగివస్తుండగా బందిపోట్లు సంపాదనంతా దోచుకున్నారు. ఆయన పెద్ద కూతురు మరియా పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో యూరప్‌ను ఊపిన గాయని. గుర్రం మీదనుంచి పడిన గాయాలతో తేరుకోలేక 1836లో మాంచెస్టర్‌లో 28 ఏళ్లకే మరణించింది. చిన్న కూతురు పౌలీన్ గాయనిగా, సంగీతకర్తగా, గురువుగా 1910 దాకా జీవించింది. రష్యన్ రచయిత తుర్గేనెవ్ జీవితమంతా ఆమె చుట్టూనే తిరిగింది.

అయితే సంగీత చరిత్రలో ఈ అక్కచెల్లెళ్లు ఎవరూ గార్సియాలుగా కనిపించరు. ఒకరు మరియా మలిబ్రాన్, మరొకరు పౌలీన్ వియార్దో. రెండూ భర్తల ఇంటిపేర్లే. స్పెయిన్‌లోనే ఉండి ఉంటే పెళ్లి వల్ల ఇంటిపేరు పోయేది కాదు. ఫ్రెంచి ఆచారంలోకి అడుగుపెట్టడంతో పోయింది. మరియా విషయంలో ఇది మరీ విడ్డూరం. మలిబ్రాన్ అన్న వ్యాపారితో ఆమె న్యూయార్క్‌లో కాపురం చేసినది స్వల్పకాలమే, ఆ పెళ్లి చివరికి రద్దయింది కూడా. ఆమె ఆ తర్వాత వయొలిన్ విద్వాంసుడు బెరియోను పెళ్లాడింది. అయినా సమాధి దాకా వెంట వెళ్లినది ఆ మొదటి భర్త పేరే.

ఇంటిపేరు నిలబెట్టినది కొడుకు మాన్యువెల్. తండ్రి పేరే పెట్టుకున్న ఈయనకు గొంతు అంత గొప్పది కాదు. బహుశా అందుకే గొంతు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న ఆయనను వదలలేదు. పాడుతున్నప్పుడు స్వరతంత్రులు ఎలా కదులుతాయో బతికున్న మనిషిలో చూడాలన్నది ఆయన కోరిక. 1854లో పారిస్‌లో దంతవైద్యులు వాడే చిన్న అద్దం ఒకటి కొని, దాన్ని గొంతు వెనుక ఆనించి, ఇంకో అద్దంతో సూర్యకాంతిని దానిమీదికి మళ్లించి, తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. 1855లో ఆ పరిశీలనలను లండన్ రాయల్ సొసైటీకి సమర్పించాడు. వైద్యుడు కాని ఒక సంగీత గురువు పాటకోసం చేసిన ఈ ప్రయత్నం, తర్వాత వైద్యుల చేతుల్లో గొంతు వ్యాధులను పరీక్షించే సాధనమైంది. స్వీడన్ గాయని జెన్నీ లిండ్ పాడైపోయిన గొంతుతో ఆయన దగ్గరికి వచ్చి కోలుకున్నది అంతకు పదమూడేళ్ల ముందు. 1905లో ఆయన నూరేళ్ల పుట్టినరోజును లండన్‌లో వైద్యులూ సంగీతకారులూ కలిసి జరిపారు; మరుసటి ఏడాది 101 ఏళ్ల వయసులో మరణించాడు. ప్రతిభలో సోదరీమణులు ఏమాత్రం తక్కువవారు కాకపోయినా, ‘గార్సియా పద్ధతి’ అన్న మాటతో ఇంటిపేరు సంగీత విద్యలో మిగిలింది ఈయన వల్లనే.

లాటిన్ అమెరికాలో రాజకీయ చరిత్ర రాసేవారు రెండు ఇంటిపేర్లనూ వదలరు. కేథలిక్ మతాన్ని పౌరసత్వానికే షరతుగా చేసిన ఈక్వడార్ అధ్యక్షుడు, 1875 ఆగస్టు 6న కీతోలో కత్తివేట్లకు బలైన నేత ఎప్పుడూ గార్సియా మొరేనోయే. క్యూబా స్వాతంత్ర్య సేనాని కాలిస్తో గార్సియా సంగతి వేరు. ఆయనను ప్రపంచం రెండో ఇంటిపేరు లేకుండానే గుర్తుపెట్టుకుంది, కానీ ఆ గుర్తింపు ఆయనకు పెద్దగా ఉపయోగపడలేదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి దిగిన అమెరికా, తూర్పు క్యూబాలో పోరాడుతున్న ఆయన దగ్గరికి రోవన్ అన్న అధికారిని పంపింది. మరుసటి ఏడాది ఎల్బర్ట్ హబ్బర్డ్ అన్న అమెరికన్ రచయిత ఈ సంఘటనను తీసుకుని, చెప్పిన పని ప్రశ్నించకుండా చేసే ఉద్యోగి ఎంత విలువైనవాడో వర్ణిస్తూ ‘గార్సియాకు సందేశం’ అన్న చిన్న వ్యాసం రాశాడు. యజమానులు దాన్ని లక్షల ప్రతులు అచ్చువేయించి సిబ్బందికి పంచారు. సందేశం మోసినవాడి గురించి అంత రాసిన ఆ వ్యాసంలో అందుకున్నవాడి గురించి దాదాపు ఏమీ లేదు.

అందులో లేనిదే చెప్పుకోదగినది. 1874లో శత్రువులు చుట్టుముట్టినప్పుడు, వాళ్లకు చిక్కడం ఇష్టంలేక, ఆయన గడ్డం కింద తుపాకి పెట్టుకుని కాల్చుకున్నాడు. గుండు నుదుటి గుండా బయటికి పోయింది. మనిషి మాత్రం బతికాడు. కొడుకు పట్టుబడ్డాడని చెబితే తల్లి లూసియా నమ్మలేదని, పట్టుబడే ముందు కాల్చుకున్నాడని చెప్పాకే అయితే వాడు నా కొడుకేనన్నదని క్యూబాలో చెప్పుకుంటారు. జైలు నుంచి బయటపడ్డాక మళ్లీ పోరాటంలోకి దిగి, 1898లో అమెరికా సేనలు దిగడానికి ఆయన సైన్యం దారి సుగమం చేసింది. సాంతియాగో నగరం లొంగిపోయిన రోజున మాత్రం క్యూబన్ సైనికులను లోపలికి రానివ్వలేదు. ఆయన అమెరికన్ సేనాధిపతి షాఫ్టర్‌కు నిరసన లేఖ రాశాడు. అది నిజంగా గార్సియా పంపిన సందేశం. దాన్ని ఎవరూ లక్షల ప్రతులు అచ్చువేయించలేదు. అదే ఏడాది డిసెంబరులో వాషింగ్టన్‌లో మరణించాడు.

ఈ సేనాని పూర్తి పేరు కాలిస్తో గార్సియా ఈన్యిగెస్. తొమ్మిదో శతాబ్దపు పాంప్లోనా రాజు పేరు గార్సియా ఈన్యిగెస్. ఒకే రెండు మాటలు, అదే వరుసలో, వెయ్యేళ్ల తేడాతో వచ్చాయి; అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది. రాజుకు గార్సియా తన సొంత పేరు, ఈన్యిగెస్ తండ్రి జాడ. సేనానికి గార్సియా తండ్రి జాడ, ఈన్యిగెస్ తల్లి జాడ.

లోర్కా విషయంలో ఆ తల్లి జాడే మొత్తం గుర్తింపును ఆక్రమించింది. గ్రనాదా దగ్గరి ఫ్వెంతె వకేరోస్‌లో 1898లో పుట్టిన ఆ కవి తండ్రి ఫెదెరికో గార్సియా రొద్రీగెస్ భూస్వామి, తల్లి విసెంతా లోర్కా బడిపంతులమ్మ. రెండు వైపులా సాధారణమైన ఇంటిపేర్లతో నిండిన తండ్రి పేరు పక్కన లోర్కా అన్న అరుదైన మాట వెలిగిపోయింది. లోర్కా స్పెయిన్‌లో ఒక ఊరి పేరు కూడా. ఇక్కడ విదేశీయుల పొరపాటేమీ లేదు. స్పెయిన్‌లోనూ ఆయన లోర్కాయే. నవలాకారుడు పెరెస్ గల్దోస్ ‘గల్దోస్’ కావడం, 2004 నుంచి 2011 దాకా ప్రధానిగా ఉన్న రొద్రీగెస్ సపతేరో ‘సపతేరో’ కావడం, కొడుకుగా రూయిస్ అయిన చిత్రకారుడు తల్లి మరియా ఇంటిపేరుతో ‘పికాసో’ కావడం ఇదే పద్ధతి. స్పానిష్ సమాజం తండ్రి ఇంటిపేరుకు చట్టంలో పెద్దపీట వేసింది. నాలుక మాత్రం ఏది తేలికగా మనిషిని పట్టిస్తుందో దాన్నే ఎంచుకుంది. 1936 ఆగస్టులో గ్రనాదా సమీపాన లోర్కాను కాల్చి చంపారు. ఆయన అస్థికలు ఇప్పటికీ దొరకలేదు.

మార్క్వెజ్ సంగతిలో చిక్కు ఇంకో మెట్టు లోతుకు పోతుంది. కొలంబియాలోని అరకతాకాలో 1927లో పుట్టిన ఆయన, తొలి బాల్యమంతా తల్లి తల్లిదండ్రుల ఇంట, కర్నల్ నికొలాస్ మార్క్వెజ్ ఒడిలో పెరిగాడు. టెలిగ్రాఫ్ ఉద్యోగి అయిన గాబ్రియెల్ ఎలీహియో గార్సియాకు కూతురు లూయిసాను ఇవ్వడానికి ఆ కర్నల్ చాలాకాలం ఒప్పుకోలేదు. వరుడి మీద ఆయనకున్న అభ్యంతరాల్లో ఒకటి, అతను పెళ్లికాని తల్లికి పుట్టాడన్నది. వరుడి తల్లి పేరు అర్హెమీరా గార్సియా. కన్న తండ్రి ఇంటిపేరు మార్తీనెస్. అంటే ఈ కుటుంబంలో గార్సియా అన్నది కూడా ఒక స్త్రీ నుంచి వచ్చినదే. సాధారణ వరుస ప్రకారం జరిగి ఉంటే, 1982లో నోబెల్ బహుమతి అందుకున్నది గాబ్రియెల్ మార్తీనెస్ మార్క్వెజ్ అయి ఉండేది. తరతరాలకూ అవే పేర్లు తిరిగి తిరిగి వచ్చి పాఠకుణ్ణి తికమకపెట్టే కుటుంబ కథ రాసిన రచయితకు ఇంతకంటే తగిన వంశవృక్షం దొరకదు.

ఫిలిప్పీన్స్‌కు, అమెరికాకు చేరిన గార్సియాల దగ్గర తూకం తలకిందులైంది. ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ గవర్నర్ జనరల్ క్లవేరియా 1849 నవంబరులో జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, అక్షరక్రమంలో అచ్చువేసిన ఇంటిపేర్ల జాబితా నుంచి కుటుంబాలకు ఇంటిపేర్లు పంచారు. అందువల్ల అక్కడ స్పానిష్ ఇంటిపేరు ఉండడం స్పానిష్ రక్తానికి గుర్తు కాదు. తర్వాత వచ్చిన అమెరికన్ పాలనలో తల్లి ఇంటిపేరు మధ్యకు జరిగి ఒక్క అక్షరమైంది. 1957 మార్చిలో అధ్యక్షుడు మగ్సెసే విమాన ప్రమాదంలో మరణించగా ఆ పదవిలోకి వచ్చి, వ్యాపారంలో ఫిలిప్పీనీయులకే మొదటి ప్రాధాన్యం అన్న విధానం తెచ్చిన నాయకుడు కార్లోస్ పి. గార్సియా. ఆ ‘పి’ తల్లి ఇంటిపేరు పొలెస్తికో. ఇంటిపేరును ఇనీషియల్‌గా కుదించుకోవడం అలవాటైన తెలుగువారు దీన్ని చప్పున పోల్చుకుంటారు. కాకపోతే అక్కడ కుదించుకుపోయింది తల్లి వైపు.

టెక్సస్ వైద్యుడు హెక్టర్ పి. గార్సియా పేరులోని ‘పి’ పెరెస్. మెక్సికోలో 1914లో పుట్టి, చిన్నతనంలోనే టెక్సస్ చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఈయన, 1948లో కార్పస్ క్రిస్టీలో మెక్సికన్ మూలాలున్న మాజీ సైనికుల సంఘాన్ని స్థాపించాడు. మరుసటి ఏడాది త్రీ రివర్స్ అన్న ఊళ్లో, యుద్ధంలో చనిపోయిన ఫెలిక్స్ లొంగోరియా భౌతికకాయాన్ని తెల్లవారు ఒప్పుకోరన్న కారణంతో అంత్యక్రియల మందిరంలో ఉంచనివ్వలేదు. గార్సియా పంపిన టెలిగ్రాములకు సెనేటర్ లిండన్ జాన్సన్ స్పందించడంతో ఆ సైనికుణ్ణి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఖననం చేశారు. ఇదే రాష్ట్రానికి చెందిన గుస్ గార్సియా, మెక్సికన్ అమెరికన్లను జ్యూరీల నుంచి మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు వాదించిన న్యాయవాదుల్లో ఒకరు. ఇంగ్లీషు పేర్ల మధ్య గార్సియా అన్న మాట అప్పుడు ఏ గార్సియా అన్న ప్రశ్న తేలేదు. మెక్సికన్ అన్న ముద్ర తెచ్చింది. స్పెయిన్‌లో మనిషిని గుంపులో కలిపేసిన పేరు టెక్సస్‌లో అతణ్ణి వేలెత్తి చూపించింది. గ్రేట్‌ఫుల్ డెడ్ అన్న అమెరికన్ రాక్ సంగీత బృందపు గిటారిస్టు జెర్రీ గార్సియా నాటికి ఆ ముద్ర చాలావరకు పలచబడింది. స్పెయిన్‌లోని గలీసియా నుంచి వలస వచ్చిన సంగీతకారుడి కొడుకు ఆయన.

స్పెయిన్‌లో ఇప్పుడు చట్టమూ మారింది. ఇంటిపేర్ల వరుసను తల్లిదండ్రులు ఒప్పందంతో మార్చుకునే వీలు 1999లోనే వచ్చింది. తండ్రిది తనంతట తానే ముందుకు వచ్చే పద్ధతి 2017లో పూర్తిగా పోయింది. బిడ్డ పుట్టినప్పుడు ఏది ముందో వాళ్లే చెప్పాలి. అరుదైన ఇంటిపేరు ఉన్న తల్లి, గార్సియా అయిన తండ్రి ఉన్న ఇంట్లో ఆ నిర్ణయం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. ఆటగాళ్లకు అంత అవకాశం లేదు. 2014లో మొదటి ఇండియన్ సూపర్ లీగ్‌లో కోల్‌కతా జట్టుకు ఆడిన స్పెయిన్ ఫుట్‌బాలర్‌ను ఎవరూ గార్సియా అనలేదు, లూయిస్ గార్సియా అని పూర్తిగా పిలవవలసి వచ్చింది.

ఇన్ని విధాల జాగ్రత్తలూ తీసుకోకపోతే ఏమవుతుందో హిందూ మహాసముద్రంలో చూడవచ్చు. కన్యాకుమారికి దక్షిణాన సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో ఉన్న డీగో గార్సియా ద్వీపం, భారతీయ పాఠకులకు వార్తల ద్వారా బాగా పరిచయమైన గార్సియా. 1966లో బ్రిటన్ దాన్ని రక్షణ అవసరాలకు అమెరికాకు అప్పగించింది. తర్వాతి ఏళ్లలో, ఆ ద్వీపం భాగంగా ఉన్న చాగోస్ దీవుల ప్రజలను అక్కడి నుంచి వెళ్లగొట్టి సైనిక స్థావరం కట్టారు. 2025 మేలో ఆ దీవుల సార్వభౌమత్వం మారిషస్‌కు, స్థావరం 99 ఏళ్ల లీజుకు బ్రిటన్‌కు దక్కేలా ఒప్పందంపై సంతకాలు జరిగాయి. ద్వీపానికి పదహారో శతాబ్దపు నావికుడెవరో పేరిచ్చాడన్నది ఎక్కువగా వినిపించే అభిప్రాయం. మోగేర్ ఊరి దియేగో గార్సియాయేనని కొందరంటారు, కాదని మరికొందరు అంటారు. ఆ కాలపు ఓడల్లో దియేగోలు చాలామంది, గార్సియాలు అంతకంటే ఎక్కువమంది. పటం గీసినవారు పక్కన ఊరి పేరో, తల్లి ఇంటిపేరో చేర్చలేదు.